మగ్గం ఆగితే

పిల్లకు చెవులు వినపడవేమోనన్న మాట నర్సు సుగుణమ్మ నోటి నుంచి పూర్తిగా రాకముందే జోగులమ్మ ఆమె మీదికి లేచింది.

"నోరు మంచిగ పెట్టుకో నర్సమ్మా! సూది ఎయ్యనీకి వచ్చి శాపాలు పెట్టిపోతవా?"

సుగుణమ్మ చేతిలో పళ్లెం, గరిటె ఇంకా అలాగే ఉన్నాయి. మగ్గం ఆపించి, పిల్ల వెనక నిలబడి, ఇప్పుడే ఆ రెంటినీ ఠంగుమని కొట్టింది. జోగులమ్మ ఉలిక్కిపడింది. మగ్గం గుంతలో కూర్చున్న ఆమె భర్త అనంతయ్య చేతిలోంచి నూలు కండె ఉన్న నాడె జారింది. తల్లి ఒళ్లో ఉన్న నాగమణి మాత్రం తల కూడా తిప్పలేదు. తల్లి గాజులు పట్టుకుని తన ఆటలో తానుంది.

"శాపం కాదమ్మా. ఏడాది కూడ నిండలే. ఇప్పుడే తెలిస్తే మంచిది."

"ఏం తెల్వాలె? నేను అర్రలకు వస్తే చాలు, గిర్రున తిరిగి చూస్తది."

"తిరుగుతది. చెవి పని చెయ్యకపోతే మెదడు ఊకుంటదా? వేరే తొవ్వ దేవులాడుకుంటది. తలుపు తీస్తే గాలి తగుల్తది, నడిస్తే నేల అదుర్తది. వాళ్లు గటు తిరుగుతరు. ఇన్నరని మనం మురుస్తం."

జోగులమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎంత చదువుకుంటే మాత్రం, తొమ్మిది నెలలుగా తనను కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న పిల్ల సంగతి తనకంటే ఈ నర్సమ్మకు ఎక్కువ తెలుసా?

"మగ్గం ఆగితే లేస్తది నా బిడ్డ! తెలుసా?" అంది. "మగ్గం నడిచినంతసేపు పంటది. ఆగిందా, గుక్క పట్టి ఏడుస్తది. చెవులు లేని పిల్లకు మగ్గం ఆగిందని ఎట్ల తెలుస్తది? నువ్వే చెప్పు."

అది అబద్ధం కాదు. గద్వాలలో ఆ వీధి వీధంతా ఎరిగిన సంగతే. నేతోళ్ల బిడ్డంటే గట్లుండాలె అని అందరూ ముచ్చటపడేవాళ్లు. ముచ్చట వాళ్లది, చాకిరీ వీళ్లది. పిల్ల లేస్తుందని అనంతయ్య నడుం పట్టేసినా నేసేవాడు. అన్నానికి లేవాలన్నా భయమే. జోగులమ్మయితే పొయ్యి ముందు కూర్చునే తూగేది. ఇద్దరి మొహాలూ పీక్కుపోయాయి. అయినా, బిడ్డ చెవులు అంత చురుకన్న గర్వం ఒకటి ఆ అలసటను మోస్తూ వచ్చింది.

"చూపియ్యి నర్సమ్మకు," అంది భర్తతో.

పిల్లకు పాలిచ్చి ఉయ్యాలలో వేసింది. అనంతయ్య పోగును కొట్టే పలక లాగాడు. మగ్గం టకటకమని ఇల్లంతా నిండింది. కాసేపటికి నాగమణి కళ్లు మూతలు పడ్డాయి.

సుగుణమ్మ చెవుల మీద చేతులు పెట్టుకుంది. "ఈ చప్పుడుల మీరెట్ల పంటరమ్మా?"

"మాకు ఇనపడనే పడదు నర్సమ్మా. పెండ్లయిన కాడికెంచి ఇంటుంటిమి, అలవాటైపోయింది. మగ్గం నడుస్తుందన్న యాదే ఉండదు. ఇగ చూడు. ఆపయ్యా!"

చెయ్యి ఊపితేగాని అనంతయ్య ఆపలేదు.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఉయ్యాలలో చిన్న కదలిక. ఆ వెంటనే నాగమణి కెవ్వుమంది.

"ఇప్పుడేమంటవ్?" జోగులమ్మ గట్టిగా అంది. గెలిచినందుకో, భయం దిగినందుకో ఆమెకే తెలియదు.

అనంతయ్య మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. పిల్ల రెండు వెక్కిళ్లు పెట్టి నిద్రలోకి జారింది. సుగుణమ్మ ఉయ్యాల దగ్గరికి వెళ్లి పిల్ల మీదికి వంగి చూసింది.

"నా సర్వీసుల గిట్లాంటిది చూడలే," అంది. "నాదే పొరపాటేమో. పళ్లెం చప్పుడును పిల్ల లెక్కచెయ్యలేదేమో. ఎందుకైనా మంచిది, ఒకపారి కర్నూలు దవాఖానల చూపియ్యిండ్రి."

"చూపిస్తంలే," అంది జోగులమ్మ. ఇప్పుడామెకు నర్సమ్మ మీద కోపం కూడా లేదు.

"ఇంకో మాట. ఉయ్యాల మగ్గం మీద కట్టిండ్రేంది? నూలు దుమ్మంత పిల్ల ముక్కులకే పోతుంది. దగ్గు గందుకే వస్తుంది."

నిజమే. పుట్టినప్పటి నుంచీ ఉయ్యాల, నేసేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊగే ఆ పలక వేలాడే దూలానికే ఉంది. నేస్తూనే చూసుకోవచ్చని అనంతయ్య కట్టిన ఉయ్యాల అది. జోగులమ్మ నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుంది. మగ్గం ఆగకుండానే సుగుణమ్మ ముక్కాలిపీట ఎక్కి చీర ఉయ్యాల విప్పింది. అవతలి గోడ దగ్గర, వంటింటి వైపు దూలానికి కట్టింది. పిల్లను అందులో పడుకోబెట్టి, నాలుగు ఊపులు ఊపి, సుగుణమ్మ సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

జోగులమ్మ ఉయ్యాల కిందే చాప పరుచుకుంది. గుండెల మీది బండ దిగినట్టయింది. బిడ్డకు వినపడుతుంది. నర్సమ్మే ఒప్పుకుంది. ఎన్నాళ్లుగానో ఆగిన నిద్ర ఒక్కసారిగా మీద పడింది.

ఊగుతున్న ఉయ్యాల నెమ్మదించి నిలిచిపోయింది. నాగమణి గుక్క పట్టి ఏడ్చింది.

జోగులమ్మకు ఒళ్లు మండింది. కళ్లు కూడా తెరవకుండానే కసిరింది.

"జర సేపు పండనియ్యవా? మగ్గం ఎందుకు ఆపినవయ్యా?"

విసుక్కుంటూ కళ్లు తెరిచి చూసింది. అనంతయ్య తల వంచుకుని, ఆమె మాటగానీ పిల్ల ఏడుపుగానీ వినపడనంత చప్పుడులో టకటకమని నేస్తూనే ఉన్నాడు.