గోడ చెప్పిన మాట

గోడలకు చెవులే కాదు, నోళ్లు కూడా వచ్చిన రోజులవి. ఏమడిగినా గోడ చెప్పేది, అది చెప్పిందే వేదం. యూనివర్సిటీ లైబ్రేరియన్ రాహేలు మేడమ్ మాత్రం కొత్త విద్యార్థులకు ఒకటే నేర్పారు: జవాబు పక్కన, అది చెప్పిందెవరో కూడా రాయాలి.

ఆ పాఠం విని ఇంటికొచ్చిన నీలవేణి నోట్‌బుక్ తెరిచి, చిన్నప్పటినుంచీ అడిగే ప్రశ్నే గోడను అడిగింది. "నాన్న పోయేముందు ఏమన్నారు?"

"నీ పేరే పిలిచారు."

ఆ మాట రాసుకుని, మొదటిసారి అడిగింది. "నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మగారే. నువ్వు ఏడిస్తే అలా చెప్పమన్నారు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అప్పటికే మాట పడిపోయిందే తల్లీ. నీ ఉయ్యాలవైపే చూస్తూ పోయారు."

నీలవేణి ముందు రాసినదాన్ని కొట్టేసి, ఆ చూపు గురించి రాసింది. పక్కన, చెప్పింది అమ్మ అని రాసింది. ఇంకో మాట చేర్చింది: చూసింది కూడా అమ్మే.