వెనక్కొస్తుంది

"పన్నెండు రూపాయల గోలీలకు కార్డేంది సార్?" ముజీబ్ కార్డుని కౌంటర్ మీదే వెనక్కి జరిపాడు. "వందకు తక్కువైతే గీకం. బోర్డు సుత పెట్టినం, చూడుండ్రి."

మెట్టుగూడలో ఆ మందుల షాపు ముజీబ్‌ది. పక్కసందులో అద్దెకుండే సన్యాసిరాజు జేబులో చిల్లర గలగలమంటూనే ఉంది. అయినా మహానుభావుడు తీస్తే కదా!

"మందుల షాపులో గీకితే అయిదు శాతం వెనక్కొస్తుంది భాయ్."

"అంటే అరవై పైసలు! మిషన్ల గీకితే బ్యాంకుకు ఫోన్ పోతది. ఆ బిల్లు నా నెత్తి మీద. జెర నా తక్లీఫ్ సుత చూడుండ్రి సార్."

"అరవై పైసలైతే ఏటి? వెనక్కి రావాలి, అంతే."

ముజీబ్ అతని మొహంలోకి చూశాడు. గడ్డం మాసి ఉంది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"జ్వరమా?"

"లేదు."

"తలనొప్పా?"

"అదీ లేదు."

"మరి గోలీలెందుకు? మంచిగ వంద రూపాయల సామాన్ తీస్కోండ్రి. సబ్బులు, పౌడరు. ఖుషీగ గీకుతా."

"అమ్మో, వద్దు! అక్కర్లేనివి కొన్నందుకే కదా ఇల్లు ఇలాగయింది." సన్యాసిరాజు గొంతు తగ్గింది. "వెనక్కొస్తుందని బకెట్ల మీద బకెట్లు, కుక్కరుండగా ఇంకో కుక్కరు కొన్నాను. మా ఆవిడ కుమారికి ఒళ్లు మండిపోయింది. 'మీకు వెనక్కొచ్చేది లెక్కేసుకుంటూ కూర్చోండి, నేను మాత్రం రాను' అనీసి అమీర్‌పేటలో హాస్టల్‌కి వెళ్లిపోయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, అక్కణ్ణుంచే ఆఫీసుకెళ్తంది."

"అరే! ఫోన్ చేస్కోండ్రి సార్."

"ఎత్తదు భాయ్. రోజూ చేస్తాను."

సన్యాసిరాజుకి చెప్పుకునే మనిషి దొరికాడు, ఇక ఆగలేదు. కర్రీ పాయింట్ వాడు ఇదివరకు "ఒకరికా, ఇద్దరికా?" అని అడిగేవాడట. ఇప్పుడు అడగకుండానే అర కూర పొట్లం కట్టి ఇస్తున్నాడట. ఇంట్లో ఎవరూ చూడకపోయినా టీవీ పెట్టే ఉంచుతున్నాడట, మనిషి గొంతు వినబడుతుందని. చెబుతూ చెబుతూ కార్డుని మళ్లీ ముందుకు తోశాడు. "ఒక్కసారి గీకు భాయ్. నీ ఫోన్ బిల్లు నేనిచ్చుకుంటాను."

ముజీబ్ కార్డు ఎత్తి చూశాడు. "పేరు మీదే ఉంది. బిల్లు కట్టేది మీరేనా?"

"నాది రెండో కార్డు. అసలు కార్డు కుమారిది. ఆవిడే కడతాది."

"మరి మేడమ్‌కు తెల్వకుండ గీకితే మళ్ల పరేషాన్ కాదా?"

సన్యాసిరాజు కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ కాదంటే మరెక్కడికి వెళ్లాలో అతనికి నిజంగా తెలియదు.

ముజీబ్ మనసు కరిగింది. మిషన్లో కార్డు గీకాడు. కాగితం గరగరమంటూ బయటికొచ్చింది. సంతకం పెట్టించుకుని గోలీల షీటు చేతిలో పెట్టాడు.

సన్యాసిరాజు కదల్లేదు. సెల్‌ఫోన్ తీసి అరచేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. వెనక వచ్చినవాళ్లు దగ్గు మందు కొనుక్కుని వెళ్లారు. అతను పక్కకి జరిగి నిలబడ్డాడు తప్ప బయటికి పోలేదు.

"గిప్పుడే రాదు సార్," అన్నాడు ముజీబ్ నవ్వాపుకుంటూ. "వచ్చే నెల బిల్లుల చూస్కోండ్రి. అరవై పైసలకు గింత ఎదురుచూసుడేంది?"

"వస్తుంది భాయ్. రాకుండా ఉండలేదు."

అంటుండగానే ఫోన్ మోగింది. సన్యాసిరాజు కంగారులో ఏ బటన్ నొక్కాడో ఏమో, గొంతు బయటికే వినబడేలా స్పీకర్ మోగింది.

"వచ్చింది భాయ్!"

"ఎంతొచ్చింది సార్?"

ఫోన్లోంచి ఆడగొంతు ఆదుర్దాగా అడుగుతోంది. "మందుల షాపులో మీ కార్డు గీకినట్టు నాకు మెసేజొచ్చింది. ఏటయిందండీ మీకు?"