అదే చేతి పని

“ఈ నాణెం చెక్కినాయన్ని నాకు చూపించండి. చూపించేదాకా ఇక్కణ్ణుంచి కదలను,” అంటూ పళ్ళసెట్ల ఆవిడ బల్ల ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

బల్ల వెనకున్న భూతద్దం చేతిలోని నాణెం కింద పెట్టేశాడు. ఆయన అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పాత నాణేల దుకాణం, కంటికి ఎప్పుడూ ఆ అద్దం. ఇంకేముంది, అదే పేరై కూర్చుంది. ఆవిడ పక్క వీధిలో పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది.

“ఆయన ఎవరికీ కనబడరండీ. ఎవరో ఒకాయన చేత పంపిస్తుంటారు,” అన్నాడు.

“అయితే ఆ ఒకాయన్ని చూపించండి. వచ్చే వారం నేను ఊరు మారాలి. అక్కడ పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు. వెళ్ళాలా, మానాలా అన్నది ఇది చెక్కిన మనిషిని చూశాకే తేల్చుకుంటాను.”

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు బల్ల మీద ఒక నాణెం పెట్టింది. దాని మీది బొమ్మ అరగదీసి, ఆ చోట ఆవిడ ముఖమే చెక్కి ఉంది, ఎదురుగా నిలబడి మనల్ని చూస్తున్నట్టు. ఎవరు చెక్కారండీ అంటే “ఉన్నార్లెండి ఒకరు,” అని నవ్వింది. అదే చేతి పని ఇంకేదైనా వస్తే నాకోసం దాచండి అంది. ఎక్కణ్ణుంచి వస్తుంది? రాలేదు. ఆవిడ వచ్చి, అడిగి, ఉత్త చేతుల్తో వెళ్ళిపోతుంటే చూడలేక ఆయనే చెక్కడం మొదలుపెట్టాడు. అచ్చం ఆ చేతిలాగే.

అప్పట్నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా ఆ బల్ల దగ్గరే కూర్చునేది. మాత్ర పట్టే డొల్ల నాణేలు, రెండు వైపులా బొమ్మే ఉన్న నాణేలు తిరగేస్తూ బోలెడు కబుర్లు చెప్పేది. ఆ కబుర్ల కోసం భూతద్దం వారమంతా గుమ్మం వైపు చూస్తూ గడిపేవాడు. ఆవిడేమో కొత్త నాణెం అందుకుని, ఆ ఎవడో చెక్కాడనుకుని, వేలితో తడిమి తడిమి మురిసిపోయేది. అది చూస్తే మాత్రం ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

లోపలి గదిలోంచి ఆయన అక్క టీ కప్పులతో వచ్చింది.

“ఏరా, చెప్పవేం? పాపం ఆ అమ్మాయి అంతలా అడుగుతుంటే.”

“నువ్వూరుకో అక్కా.”

“నేనెప్పుడూ ఊరుకునే ఉన్నాను. నువ్వే ఊరుకోకుండా పొద్దస్తమానం గీకుతూ...”

“అక్కా!”

“ఏం గీకుతున్నారండీ?” అంది ఆవిడ.

“గిన్నెలండీ. మాడిన గిన్నెలు,” అన్నాడు భూతద్దం. అక్క ఆయన్ని ఎగాదిగా చూసి కప్పులు బల్ల మీద పెట్టింది.

ఇక లాభం లేదనుకున్నాడు. లేని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? వాణ్ణి చంపేస్తే పీడా విరగడవుతుంది.

“మీకెలా చెప్పాలో తెలీక దాచానండీ. ఆయన పోయారు.”

“అయ్యో! ఎప్పుడు?”

“కిందటి నెల్లో. నిద్రలోనేనట. బాధేం పడలేదు.”

“పాపం,” అంటూ ఆవిడ చేతిలోని నాణేన్ని వెనక్కి తిప్పింది. “మరి ఈ కొత్తరకం నాణేలు బ్యాంకులో మొన్ననేగా ఇవ్వడం మొదలుపెట్టారు? పోయాక చెక్కారా?”

కొత్త నాణెం అంటే భూతద్దానికి ఒళ్ళు తెలీదు. తెల్లారకుండా వెళ్ళి అందరికంటే ముందు వరసలో నిలబడి తెచ్చుకున్నాడు. తెచ్చిన చెయ్యి ఊరుకోక, ఆ పూటే ఆవిడ ముఖం చెక్కేశాడు. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“నేనే చెక్కానండీ. మొదటిది తప్ప అన్నీ నావే. మోసమే, ఒప్పుకుంటున్నాను. మీరు రావాలని చేశాను, అంతే. మీరు రాని వారం ఈ దుకాణంలో నాకు ఊపిరాడదు.”

ఆ మాట బయటపడేసరికి ఇన్నాళ్ళూ దిగమింగుకున్న ఉక్రోషం కూడా తన్నుకొచ్చింది.

“మీరు ఆ మొదటిది చెక్కినతని కోసమే వస్తారని నాకు తెలుసు. వెళ్ళండి, వెతుక్కోండి, నేనెవర్ని కాదనడానికి? కానీ ఒక్క మాట అడుగుతాను. మీ పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదుంది. కళ్ళు మూసుకున్నా నాకు కనిపిస్తుంది. అతను ఎడమ బుగ్గ మీద పెట్టాడు! అదే చేతిలా ఉండాలి కదాని, నేనూ ప్రతిసారీ పళ్ళు బిగబట్టుకుని అటే పెట్టాను. మీ ముఖం సరిగ్గా చూడను కూడా చూడని మనిషండీ! అలాంటివాడి మీద మీకింత ప్రేమేమిటి?”

ఆవిడ ముఖం ఎర్రబడింది. స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

“అద్దంలో చూసుకుని చెక్కుకుంటే అటే వస్తుందండీ,” అంది.