తాపీగా వచ్చిన బండి

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయిన తర్వాత, మనుమరాలి పలక మీద. ఒత్తులు ఎక్కడో ఒకచోట తప్పుతాయి. రాయడం కూడా నిదానమే. తప్పు కనిపిస్తే మీరే దిద్దుకొని చదవండి.

మంథని దాటాక గోదావరి పొంటి పోయే రోడ్డు మీద ఒక మోటార్ సైకిల్ వస్తోంది.

వస్తోందనడమే గానీ, నడిచే మనిషి దాన్ని దాటిపోవచ్చు.

కొంగలు వాలిన చోట ఆగుతోంది. నీళ్ళలో తెప్ప కనబడితే ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది.

ఒడ్డున కూర్చున్న పరశురాములుకు ఆ చప్పుడు వింటుంటే ఒళ్ళు మండుతోంది.

అతని అన్న రాయమల్లు చనిపోయి ఆ రోజుకు మూడో రోజు. పిట్టకు పెట్టడానికి వచ్చారు. విస్తరిలో అన్నం, కోడికూర, పక్కన కల్లు, బీడీ కట్ట. అన్నీ రాయమల్లుకు ఇష్టమైనవే.

కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి కోరికేమీ మిగల్లేదని లెక్క. ముట్టకపోతే ఏదో మిగిలిందని.

కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగడం లేదు.

"అన్నా, ఫికర్ చెయ్యకు. నీ పొలం నేను చూసుకుంట," అన్నాడు పరశురాములు విస్తరికి చేతులు జోడించి.

కాకి దిగలేదు.

"తమ్మీ, నీ బిడ్డ పెండ్లికి పదొద్దుల ముందే వస్త. పనులన్నీ నేనే చేస్త," అంది అక్క లింగవ్వ.

కాకి మెడ అటు తిప్పుకుంది.

"నీ మాట అన్న బతికున్నప్పుడే నమ్మలే. ఇప్పుడు నమ్ముతడా?" అన్నాడు పరశురాములు.

"నీ మాటకైతే రెండు కాకులు లేచే పోయినయ్. సూడలేదా?"

తర్వాతి వంతు రాయమల్లు భార్య రామవ్వది. రోడ్డు పక్క పొలం గట్టు మీద కుప్పకూలిన మనిషి దవాఖానాలో ఒక్క పూట బతికాడు. ఆమె పోయేసరికే కన్ను మూశాడు. ఆఖరి మాట వినలేదు. ఆయన మనసులో ఏముందో తెలియకుండా ఏమని మాటివ్వాలి?

"ఏం గావాల్నయ్యా నీకు?" అని మెల్లగా విస్తరినే అడిగింది.

ఒక కాకి కింది కొమ్మకు దిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

మోటార్ సైకిల్ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. కాకి ఎగిరిపోయింది.

"ఓ భాయ్! నీకు ఆగనీకె గీ జాగనే దొరికిందా?" పరశురాములు లేచాడు.

బండి మీది మనిషి హెల్మెట్ తీశాడు. నడివయసు ఉంటుంది. విస్తరిని చూడగానే ఇంజన్ ఆపేశాడు.

"తప్పయిందన్నా. చూసుకోలే."

"పొద్దటిసంది ఇంటున్న నీ బండి మోత. ఉరకవు, నిలవడవు. ఎటు పోతున్నవసలు?"

"ఎటూ లేదన్నా. సెలవు దొరికితే గోదారి పొంటి గిట్ల తాపీగ పోత. జోరు పోతే రోడ్డొక్కటే కనబడ్తది. తాపీగ పోతే మనుషులు గూడ కనబడ్తరు."

"కనబడ్డం గద. ఇగ పో."

"జరన్ని మంచినీళ్ళు ఇస్తరా? నా సీసా ఒడిసింది."

రామవ్వ చెంబు అందుకుంది. పరశురాములు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వదినా, మైలల ఉన్నం. పరాయోళ్ళకు మన నీళ్ళియ్యద్దు. పిట్ట ముట్టకముందు అసలే వద్దు."

"ఎండ జూడు, పాపం..."

"నువ్వు ఊకో వదినా. నువ్వు పో భాయ్."

ఆ మనిషి బండి దిగాడు. విస్తరికి దండం పెట్టాడు. కాకులు బెదరకుండా బండిని చేతులతో తోసుకుంటూ చాలా దూరం పోయాడు. అక్కడ స్టార్ట్ చేశాడు. చప్పుడు తొందరగా దూరం కావాలనేమో, ఈసారి ఎక్కడా ఆగకుండా జోరుగా మలుపు తిరిగాడు.

అప్పుడు రాయమల్లు కూతురు నవీన ఒడ్డెక్కి వచ్చింది. ఒడ్డు కిందే నదిలో నీళ్ళకని పోయిన పిల్ల, ఉత్త చేతులతో, రొప్పుతూ.

"బిందేదే?" అన్నాడు పరశురాములు.

నవీన రోడ్డు పొడుగునా చూసింది. తల్లి పక్కన కూలబడింది.

చెట్టు మీద కాకులు అట్లాగే ఉన్నాయి.

"బిడ్డా," అంది రామవ్వ, "దవాఖానల మీ బాపు కాడ నువ్వొక్కదానివే ఉంటివి. ఆఖరుకు ఏమన్న అడిగిండా?"

"అడిగిండవ్వా."

"మరి చెప్పవేందే?" అన్నాడు పరశురాములు.

"మీరెవలన్న అడిగిండ్రా బాబాయ్? నీళ్ళు తేపో, కట్టెలు తేపో అన్నరు."

"ఏమడిగిండు బిడ్డా?"

"'గట్టు మీద పడుంటే ఎంతమంది పోయినా ఒక్కలు ఆగలే. ఒక్కాయన ఆగి, తువ్వాలతోని నన్ను తన నడుముకు కట్టుకొని బండి మీద తెచ్చిండు. ఆయనకు మనింట్ల ఒక్కపూట బువ్వ వెట్టుండ్రి' అన్నడు. దినాలయినంక దేవులాడుదామనుకున్న."

రామవ్వ కండ్లు తుడుచుకుంది. "వెడ్త. తప్పకుండ వెడ్త. ఆయన పేరేంది?"

"నేను పోయేదాంక బాపు కాడనే ఉండె. పేరు అడిగేలోపట్నే పోయిండు. మొకమొక్కటే యాదికున్నది."

"పేరు లేదు, ఊరు లేదు. యాడ దొరుకుతడే ఇగ?" అంది లింగవ్వ.

నవీన గొంతు మెల్లగా వచ్చింది.

"దొరికిండత్తా, ఇప్పుడు మీరు నీళ్ళన్న ఇయ్యకుండ ఎల్లగొట్టింది గాయననే."

శంకరవ్వ
అరవై ఏడేండ్లు
ఇప్పుడు హుజూరాబాద్‌లో, చిన్నబిడ్డ దగ్గర