తగ్గిన శబ్దం

మా ఆయన్ని పులి పొట్టన పెట్టుకున్న రోజు, ఆయన చేతి రేడియోలో శబ్దం బాగా తగ్గిందట. పులి మెడకు కట్టిన పట్టీ నుంచి వచ్చే శబ్దం అది.

ఆయన సామాన్ల కోసం నేను అడవి చౌకీకి వెళ్ళేసరికి, మరిది చేతిలో అదే రేడియో గట్టిగా మోగుతోంది. చూస్తుండగానే తగ్గింది.

"దూరం పోయింది వదినా. నీ మొహం చూసి జడుసుకునుంటుంది," అంటూ మరిది తలుపు తీయబోయాడు.

వేరే పులుల పార్కు నుంచి ఈ రేడియో పని నేర్పడానికి వచ్చిన జంతువుల డాక్టరమ్మ అడ్డం వెళ్ళింది. "ఆగు బాబూ. పులి వాగులోకి దిగినా శబ్దం తగ్గుతుంది. పక్కనే ఉన్నా సరే."

మరిది మొహంలో నెత్తురు లేదు. "తగ్గితే భయం లేదని అన్నయ్యే మా అందరికీ నేర్పాడు."

నేను గడియ పెట్టాను. దాని మీంచి చెయ్యి తీయలేకపోయాను.

పొద్దున గస్తీకి వెళ్ళినవాళ్ళకి ఈ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.