సున్నం గీత

బండ్లబాటకు అడ్డంగా సున్నంతో గీసిన గీత ఉంది. గీత వెనక తుమ్మకంప. కంప వెనక బాలమల్లు, అతని వెనక కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు. ఆ రోజు ఊళ్లోకి గాలి రావాలన్నా వీళ్లను అడిగే రావాలి.

గీత అవతల ఒక ముసలాయన నిలబడ్డాడు. మెట్‌పల్లి దవాఖానలో అడిగి తెచ్చిన టీకాల పెట్టె చంకలో ఉంది. బస్సు దిగి ఎండలో నడిచి రావడంతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"కంప తియ్యి బాలమల్లూ," అన్నాడు. "మంచుగడ్డ కరిగితే మందు ఖరాబైతది. జల్ది టీకాలెయ్యాలె."

"తియ్యరాదు సారూ."

"ఊళ్లె ఎందరికి తల్లి పోసింది?"

బాలమల్లు తన ఇంటి వైపు చూశాడు. పక్కింటి లచ్చయ్య కొడుక్కు ఒళ్లంతా మశూచి పొక్కులు లేచాయి. మొన్నటిదాకా ఆ పిల్లవాడితో ఆడుకున్నది బాలమల్లు కూతురు నర్మద. నర్మదకు టీకా లేదు. జ్వరం ఇంకా రాలేదు. రాకముందే వేస్తే బతుకుతుందని ముసలాయన వచ్చీరాగానే చెప్పాడు.

బాలమల్లు ఆరోగ్యదళానికి పెద్ద. కలరాను ఇక్కడ గత్తర అంటారు. నైజాం పోయిన కొత్తలో గత్తర వచ్చి చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చిపెట్టింది. ఈ ఊరు మాత్రం నిలిచింది. అప్పటి బడిపంతులు లక్ష్మీరాజం, అందరూ పెద్దసారు అనేవారు, సాలెవాడ కుర్రాళ్లను కూడగట్టి దళం పెట్టాడు. బాటకు అడ్డంగా గీత గీశాడు. బయటి మనిషి గానీ వస్తువు గానీ లోపలికి రావద్దు, లోపలివాళ్లు బయటికి పోవద్దు. ఎవరొచ్చి ఏడ్చినా కంప తియ్యవద్దు. ఒక్కరికి తీస్తే ఊరందరికీ పాడె కట్టినట్టే అన్నాడు. గీత మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

తర్వాత ఆయనకు ఆసిఫాబాద్ బదిలీ అయింది. పెద్దసారు ఊరు విడిచాడు గానీ, ఊరు ఆయన మాట విడవలేదు. ఏటా వానలు పడేముందు గీత కొత్తగా గీస్తారు. దళంలో చేరే ప్రతివాడూ దాని మీద చేయి పెట్టి అదే ఒట్టు వేస్తాడు. ఒక్క మాట పొల్లుపోయినా బాలమల్లు ఊరుకోడు. దళమంటే ఇట్లుండాలని పక్క ఊళ్లవాళ్లు వచ్చి చూసి పోయేవారు. మెచ్చుకోలు ఎవరికి చేదు?

"గప్పుడు రోగం బయట ఉండె," అన్నాడు ముసలాయన. "గిప్పుడు లోపలికొచ్చి కూసున్నది. దొంగ ఇంట్ల దూరినంక తలుపు బిగిస్తే ఎవలకు లాభం?"

ఆ మాట సూటిగా తగిలింది. బాలమల్లు చేయి కంప మీదికి పోయింది. ఒక్క కొమ్మ లాగితే చాలు, నర్మద గండం గడుస్తుంది.

"బాలమల్లూ."

వెనక ఐలవ్వ నిలబడి ఉంది.

గత్తర ఏడు ఐలవ్వ కూతురు దేవవ్వ అత్తగారి ఊరి నుంచి చంటిబిడ్డతో పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు కావలి ఉన్నది బాలమల్లే. అవ్వా, అవ్వా అని తల్లిని పిలుస్తూ దేవవ్వ పొద్దూకేదాకా గీత అవతల కూర్చుంది. కంప తియ్యలేదు. తిరిగి పోతూ దారిలోనే తల్లీబిడ్డా చనిపోయారు. ఐలవ్వతో కలిసి ఏడవని ఇల్లు లేదు. నీ బిడ్డ ఊరిని బతికించింది అన్నారంతా. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నాళ్లూ బతికింది.

"నా బిడ్డకు తియ్యని కంప నీ బిడ్డకు తీస్తవా?" అంది ఐలవ్వ. గొంతు పెంచలేదు. "తియ్యి. తీసినంక, గప్పుడు నా దేవవ్వకు ఎందుకు తియ్యలేదో నాకు చెప్పు."

అడిగింది బాలమల్లును. చూసింది మాత్రం ముసలాయనను. ఆయన తల దించుకున్నాడు.

బాలమల్లు చేయి వెనక్కి వచ్చింది. కుర్రాళ్లు అతని ముఖంలోకే చూస్తున్నారు. పెద్ద ఏం చేస్తే అది చేయడమే వాళ్లకు తెలుసు. పెద్దకు ఆ ఒట్టు ఒక్కటే తెలుసు. గత్తరకు పనికొచ్చింది మశూచికి పనికిరాదని అతని మనసు చెబుతూనే ఉంది. ఆ ఒట్టును మార్చడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ముసలాయన పెట్టె మూత తీసి చూశాడు. మంచుగడ్డ గోలీకాయంత మిగిలింది. చెప్పులు విడిచి, గీత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీ కాళ్లు మొక్కుత బిడ్డా. గప్పటి మాట గప్పటికే. జర నీ పోరిని తలుసుకో. పాపమేమన్న ఉంటే నాకు తగలనియ్యి."

ఆయన ఏడుస్తున్నాడు. బాలమల్లు కూడా ఏడుస్తున్నాడు. ఇంటి వైపు నుంచి నర్మద, "బాపూ, బువ్వకు రా," అని పిలుస్తోంది.

బాలమల్లు గీతకు ఇవతలే నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"మాఫ్ చేయుండ్రి పెద్దసారూ, 'ఆఖరికి నేనొచ్చి ఏడ్చినా తియ్యొద్దు' అని మాతోని ఒట్టు పెట్టించుకున్నది మీరే."