కుట్టిన చోటు

ఆ పొద్దు జానయ్య ఇంకొంచెం జొన్న గట్క అడిగాడు.

అడిగి, తానే భయపడ్డాడు. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

తల్లి బిక్షమ్మ మాత్రం గంటె పట్టుకుని అక్కడే ఏడ్చేసింది. రెండేళ్లయింది మరి, కొడుకు నోరు తెరిచి ఇంకొంచెం పెట్టమని అడిగి.

మంచిగైతే భయపడే మనిషి ఉంటాడా అంటారేమో. ఉంటాడు. జానయ్య ఉన్నాడు.

నైజాం సర్కారు రోజులు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు జానయ్య. బావి నీళ్లు తోడే తోలు మోట బొక్కెనలు కుట్టడంలో చుట్టుపక్కల పేరున్నవాడు, మళ్లీ తోలు కుట్టే ఆరె ముట్టలేదు. మాట లేదు, ఆకలి లేదు, ఆఖరికి ఏడుపు కూడా లేదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. మిషన్ పంతులు వచ్చి ప్రార్థన చేసిపోయాడు.

మధ్యలో ఒకసారి పది రోజులు బాగయ్యాడు. సంబరపడి, పుట్టింట్లో ఉన్న భార్య మారెమ్మనూ చంటిదాన్నీ పిలిపించుకున్నాడు. పదకొండో రోజు మళ్లీ గోడవైపు తిరిగాడు. మారెమ్మ ఏడ్చి ఏడ్చి, అన్నలొచ్చి తీసుకుపోతే పుట్టింటికి వెళ్లిపోయింది.

అందుకే ఇప్పుడు నోటికి రుచి తెలిసినా దాచుకుంటున్నాడు. మారెమ్మకు కబురు పెడదామని తల్లి అన్నప్పుడల్లా వద్దంటాడు. ఇంకోసారి ఆశపెట్టి ఏడిపిస్తే ఆ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదు.

ఆ పొద్దే, పాత తోలు బొక్కెన భుజాన వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. పేరు జంగయ్యట. రెండు కోసుల అవతల, హుజూర్‌నగర్ తోవలో ఊరట. తోలు జానెడు చినిగింది, కుట్టిమ్మన్నాడు.

జానయ్యకు వింతగా తోచింది. ఏ ఊరి మోట ఆ ఊరివాడే కుట్టాలి. పంట మీద గింజలు కొలిచేది వాడికే. మీ ఊళ్లో కుట్టేవాళ్లు లేరా అని అడిగాడు. ఉన్నారు గాని నీ కుట్టే కావాలన్నాడు ముసలాయన. నాకు చేతకావడం లేదంటే, చేతనైనప్పుడే కుట్టమని గుమ్మం ముందు చతికిలబడ్డాడు. ఏం మొండి మనిషో, పొద్దు నెత్తికెక్కినా కదల్లేదు.

ఆయన్ని వదిలించుకోవడానికే జానయ్య ఆరె అందుకున్నాడు.

ఐదో రోజు జంగయ్య మళ్లీ వచ్చాడు. అదే బొక్కెన. తోలు చినిగి ఉంది.

జానయ్య ముఖం నల్లబడింది.

"నాకెరుకే తాతా. నా చేతిల ఏదీ నిలువదు."

ముసలాయన అతని వేలు పట్టుకుని తోలు మీద పెట్టాడు.

"జర నిమ్మలంగ చూడు బిడ్డా. నువ్వు కుట్టిన కాడ తెగిందా?"

తెగలేదు. కుట్టు కుట్టులాగే ఉంది. చినుగు దాని పక్కన పడింది.

"పాత తోలు, ఇంకో కాడ తెగుతది. తెగితే గదీ కుడదం. కుట్టిన కాడికి ఎందుకు ఫికర్ చేస్తవు?"

అట్లా వస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ కొత్త చినుగు, ప్రతిసారీ పాత కుట్టు పక్కనే. ఒకసారి ఆయన వచ్చేసరికి జానయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. ముసలాయన లే అనలేదు. బిక్షమ్మ పెట్టిన గట్క తిని, బొక్కెన అక్కడే వదిలేసి, రేపొస్తానని పోయాడు.

తెల్లారి జానయ్య తనంతట తానే ఆరె వెతుక్కున్నాడు. తోలు మీద పాత కుట్లు ఒక్కొక్కటే వేలితో తడిమాడు. నిన్న ఒక్క రోజే తెగింది. అంతకు ముందటి మంచి రోజులు ఎక్కడికీ పోలేదు.

"అమ్మా, మారెమ్మకు కబురు పంపు" అన్నాడు.

మారెమ్మ వచ్చింది. జానయ్య భయపడ్డ ఆ పదకొండో రోజూ వచ్చింది, మామూలుగానే పోయింది. ఆ తర్వాత రెండు చెడ్డ రోజులు వచ్చాయి, అవీ పోయాయి. బిడ్డ నాయిన చంకెక్కి దిగనని మారాం చేస్తుంటే, జానయ్యకు కడుపు నిండిపోయింది.

జంగయ్య రావడం మానేశాడు. చెడిన తోలుతో తాత ఇంకెన్నాళ్లు అవస్థ పడతాడని, జానయ్య మంచి తోలు చూసి కొత్త బొక్కెన కుట్టాడు. భుజాన వేసుకుని రెండు కోసులు నడిచాడు. ముందు కాళ్లు మొక్కాలి, మాట తర్వాత అనుకున్నాడు.

ఇంట్లో ఆయన బిడ్డ సుక్కమ్మ ఒక్కతే ఉంది. తండ్రి జ్వరమొచ్చి పోయి పదిహేను రోజులైందని చెప్పింది.

జానయ్య వాకిట్లోనే ఏడ్చేశాడు. కళ్లనీళ్లు ఆగలేదు. ముఖం తుడుచుకుని బొక్కెన ముందుకు జరిపి, కనీసం తాత బావికి దీన్ని కట్టమన్నాడు.

"ఏ బాయి అన్నా? మాకు బాయీ లేదు, భూమీ లేదు. మా నాయిన మోటలు కుట్టేటోడు."

మరి ఆ చినిగిన బొక్కెన ఎవరిదని అడిగాడు జానయ్య.

"సంతల మీ అమ్మ నీ సంగతి ఎవలికో చెప్పుకుంట ఏడుస్తుంటె విన్నడట. గా పారేసిన బొక్కెన ఎక్కడికెళ్లో తెచ్చిండు. నువ్వు కుట్టి ఇయ్యంగనే వాగుల నానబెట్టి, రాళ్లు నింపి, తుమ్మకు ఏలాడదీసేటోడు. నీ కుట్టు ఆగిందని చూసినంకనే దాని పక్కన కత్తితోని కోసి, అంచులు రాయికి రాకి, చినిగినట్టు చేసేటోడు."

"నేనేమైత తాతకు? నా కోసం గింత ఎందుకు చేసిండు?"

సుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వయసుల ఉన్నప్పుడు మా నాయిన గూడ నీ లెక్కనే మూడేండ్లు గోడదిక్కు తిరిగి పన్నడన్నా. లేపనీకి ఎవ్వలూ రాకపోతే, పాత తోలు తనే కోసుకుంట, తనే కుట్టుకుంట లేచిండు."